టువాలు ఖాళీ అయిపోతోందా? అందరూ అడుగుతున్న ప్రశ్నలు, వాటికి జవాబులు

2025 జూలైలో మా పోటీ పరీక్షల క్లాసులో ఒక అబ్బాయి ఫోన్ చూపించి, "సార్, టువాలు అనే దేశం దేశమే ఆస్ట్రేలియాకి వెళ్లిపోతోందట, నిజమేనా?" అని అడిగాడు. అప్పటినుంచి క్లాసులో, వాట్సాప్‌లో, ఫోన్లో అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ ప్రశ్నకి ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు, వరస అక్కర్లేదు. నేను ఉప్పాడ పక్క ఊళ్లో పెరిగాను. సముద్రం రోడ్డుని కోసుకుపోతే మళ్లీ రాళ్లు పోసి, మళ్లీ కోసుకుపోవడం చూస్తూ పెద్దవాణ్నయ్యాను. అందుకే ఈ చిన్న దేశాన్ని 'పారిపోతున్న జనం' అని ఎవరైనా అంటే మనసు ఒప్పుకోదు. అక్కడి ప్రభుత్వం ఒకదాని వెంట ఒకటి ఏం నిర్ణయించిందో తెలిస్తే మీకూ అలాగే అనిపిస్తుంది.

## ముందుగా దేశం గురించి

అసలు టువాలు ఎక్కడుంది సార్? ఎంత దేశం అది?

పసిఫిక్ మహాసముద్రంలో, ఆస్ట్రేలియాకి, హవాయికి మధ్య సుమారు సగం దారిలో ఉంది. తొమ్మిది పగడపు దీవులు. నేలంతా కలిపి 26 చదరపు కిలోమీటర్లు. జనం పది, పదకొండు వేల మధ్య, అంటే మన గోదావరి జిల్లాల్లో ఒక పెద్ద పంచాయతీ అంత. బ్రిటిష్ వాళ్ల కాలంలో ఎల్లిస్ దీవులని పిలిచేవాళ్లు, గిల్బర్ట్ దీవులతో కలిపి పాలించేవాళ్లు. ఆ గిల్బర్ట్ దీవులే నేటి కిరిబాటి. 1974లో ప్రజాభిప్రాయ సేకరణ పెడితే విడిపోతామని ఓటేశారు. 1978 అక్టోబర్ 1న స్వాతంత్ర్యం వచ్చింది. టువాలు అంటే వాళ్ల భాషలో 'కలిసి నిలబడ్డ ఎనిమిది' అని అర్థం. దీవులు తొమ్మిదైనా పూర్వం జనం ఉన్నవి ఎనిమిదే.

అంత చిన్న దేశంలో నిర్ణయాలు ఎవరు తీసుకుంటారు?

పార్లమెంటులో 16 మంది సభ్యులు. రాజకీయ పార్టీలే లేవు. గెలిచిన సభ్యులు తమలో ఒకరిని ప్రధానిగా ఎన్నుకుంటారు. దేశాధినేత బ్రిటన్ రాజు, ఆయన తరఫున ఒక గవర్నర్ జనరల్ ఉంటారు. ఒక్కో దీవికి పెద్దలు కూర్చునే సంప్రదాయ సభ ఉంటుంది, దాన్ని ఫలెకౌపులే అంటారు. దీవి వ్యవహారాల్లో ఆ సభ మాటకి చాలా బరువుంది. 2024 జనవరి ఎన్నికల్లో అప్పటి ప్రధాని కౌసియా నటానో తన సీటే కోల్పోయారు. ఫిబ్రవరిలో ఫెలెటి టియో పోటీ లేకుండా ప్రధాని అయ్యారు. అంతకుముందు ఆయన దేశానికి అటార్నీ జనరల్‌గా, పసిఫిక్ ట్యూనా చేపల వేటని నియంత్రించే కమిషన్‌కి అధిపతిగా పనిచేశారు. చట్టం, చేపలు రెండూ తెలిసిన మనిషి. ఆ దేశానికి కావలసినవీ ఆ రెండే.

నిజంగా మునిగిపోతోందా? దీవులు పెరుగుతున్నాయని ఒక పరిశోధనలో తేలిందట కదా?

ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టం, ఎందుకంటే అడిగినవాళ్లు ఏదో చదివి అడుగుతున్నారన్నమాట. ఆ పరిశోధన ఉన్నమాట నిజమే. 1971 నుంచి 2014 వరకు తీసిన ఫోటోలతో టువాలులోని 101 దీవులు, లంకల్ని కొలిస్తే మొత్తం నేల 2.9 శాతం పెరిగినట్టు 2018లో ప్రచురించారు. అలలు పగడపు ఇసుకని, గులకని తెచ్చి ఒడ్డున పోస్తాయి. పగడపు దీవి రాయిలా కదలకుండా ఉండదు, ఒకవైపు కోసుకుపోతుంది, ఇంకోవైపు మేట వేస్తుంది. టువాలు ప్రభుత్వం మాత్రం ఆ లెక్కని తప్పుగా వాడొద్దని గట్టిగా అభ్యంతరం చెప్పింది.

ఎందుకో చెబుతాను. నేల వైశాల్యం పెరగడం వేరు, దాని మీద మనిషి బతకగలగడం వేరు. నాసా లెక్కల ప్రకారం అక్కడ సముద్ర మట్టం 30 ఏళ్ల కిందటితో పోలిస్తే సుమారు 15 సెంటీమీటర్లు పెరిగింది. దేశంలో నేల సగటు ఎత్తే సుమారు రెండు మీటర్లు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అతి పెద్ద పోటు వచ్చినప్పుడు నీళ్లు ఒడ్డు దాటి రావడమే కాదు, నేలలోని సందుల్లోంచి ఊరి మధ్యలో బుడబుడమని పైకి ఉబుకుతాయి. ఇసుకలో ఉండే పల్చని మంచినీటి పొరలో ఉప్పు కలుస్తుంది. వాళ్ల పెద్దల కాలం నుంచి పులక అనే చేమదుంప జాతి పంటని, నేలని లోతుగా తవ్వి ఆ మంచినీటి పొర అందేచోట పండిస్తారు. ఆ గుంటల్లోకి ఉప్పునీరు చేరితే దుంప కుళ్లిపోతుంది. మ్యాప్‌లో దీవి అలాగే ఉంటుంది, పులక గుంట మాత్రం పనికిరాకుండా పోతుంది. కాబట్టి 'రేపే మునిగిపోతుంది' అన్నా తప్పే, 'పెరుగుతోంది, ఢోకా లేదు' అన్నా తప్పే.

రాజధాని ఎలా ఉంటుంది? ఒక్క రోడ్డేనట కదా?

ఫునాఫుటి పగడపు వలయంలో ఫొంగఫాలే అనే సన్నటి లంక మీద ఉంది రాజధాని. దేశ జనాభాలో సగానికి పైగా అక్కడే ఉంటారు. కొన్నిచోట్ల ఒక ఒడ్డున నిలబడితే రెండో ఒడ్డు కనిపించేంత సన్నం. దాని మధ్యలో రన్‌వే. 1943లో రెండో ప్రపంచ యుద్ధం కోసం అమెరికన్లు వేశారు. రన్‌వే కోసం తవ్విన గుంటలు డెబ్బై ఏళ్లు అలాగే ఉండిపోయాయి. వాటిలో ఉప్పునీరు, చెత్త నిలిచేది, వాటి గట్ల మీదే పేదల ఇళ్లు. 2015లో న్యూజిలాండ్ సాయంతో ఇసుక పోసి పూడ్చారు.

విమానం వచ్చే ముందు సైరన్ మోగుతుంది, జనం పక్కకి తప్పుకుంటారు. విమానం వెళ్లిపోయాక సాయంత్రం అదే రన్‌వే మీద పిల్లలు ఫుట్‌బాల్, వాలీబాల్ ఆడతారు. ఉక్కపోతగా ఉన్న రాత్రుల్లో చాపలు తెచ్చుకుని పడుకునేవాళ్లూ ఉన్నారు. ఆ లంకలో అంత ఖాళీ జాగా ఇంకోటి లేదు మరి.

## స్వదేశంలో తీసుకున్న నిర్ణయాలు

నేల పోయినా దేశం ఉంటుందని రాజ్యాంగంలోనే రాసుకున్నారట. అలా రాసుకుంటే సరిపోతుందా?

2023 సెప్టెంబర్‌లో పార్లమెంటు రాజ్యాంగాన్ని మార్చింది, అక్టోబర్ 1న, అంటే స్వాతంత్ర్య దినోత్సవం నాడే అది అమల్లోకి వచ్చింది. వాతావరణ మార్పు వల్ల గానీ మరే కారణం వల్ల గానీ భూభాగం పోయినా టువాలు రాజ్యం శాశ్వతంగా కొనసాగుతుందని అందులో రాసుకున్నారు. సముద్ర సరిహద్దులు కూడా శాశ్వతమేనని, తీరం వెనక్కి జరిగినా అవి మారవని చేర్చారు.

రాసుకుంటే సరిపోతుందా అంటే, సరిపోదు. ఒక దేశాన్ని మిగతా దేశాలు కూడా గుర్తించాలి. అందుకే ఏ దేశంతో ఒప్పందం చేసుకున్నా, ఉమ్మడి ప్రకటన చేసినా ఈ మాటని అందులో పెట్టించడం ప్రభుత్వం ఒక పద్ధతిగా పెట్టుకుంది. ఒక్కో దేశం చేత ఒక్కో సంతకం. పొలం గట్టు గొడవలో మనవాళ్లు పక్క రైతులందరి చేత సాక్షి సంతకాలు పెట్టించుకుంటారు చూడండి, అలాంటి ముందుచూపు ఇది.

సముద్రాన్ని పూడ్చి నేల చేస్తున్నారట. ఎంత పూడ్చారు?

టువాలు తీర రక్షణ ప్రాజెక్టు 2017లో మొదలైంది. వాతావరణ పనులకి పేద దేశాలకి సాయం చేసే గ్రీన్ క్లైమేట్ ఫండ్ 3.6 కోట్ల అమెరికా డాలర్లు ఇచ్చింది, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ పని చూసింది. ఫునాఫుటిలో పగడపు వలయం లోపలివైపు ఉండే లగూన్ అనే ఉప్పునీటి మడుగు అడుగునుంచి ఇసుక తోడి, సుమారు 780 మీటర్ల పొడవు, 100 మీటర్ల వెడల్పున కొత్త నేల పోశారు. ఏడు హెక్టార్లకి పైనే. 2100 దాటాక కూడా పోటు నీరు ఎక్కనంత ఎత్తు ఉండేలా లెక్క వేసి పోశారు. నానుమెయా, నానుమంగా దీవుల్లో తుఫాను అలల్ని ఆపడానికి ఒడ్డు పొడవునా గట్లు వేశారు.

ఏడు హెక్టార్లంటే మన లెక్కలో పదిహేడు ఎకరాల పైచిలుకు. నవ్వొచ్చేంత చిన్నదనిపించవచ్చు. 26 చదరపు కిలోమీటర్ల దేశంలో, అదీ ఇంత సన్నటి రాజధానిలో అది చిన్నది కాదు. దీనికన్నా చాలా పెద్ద ఆలోచన 'టె లఫిగా ఓ టువాలు', అంటే టువాలు ఆశ్రయం. ఫునాఫుటిలో 3.6 చదరపు కిలోమీటర్ల ఎత్తైన నేల తయారుచేసి, జనాన్ని మెల్లమెల్లగా అక్కడికి తరలించాలని ఆ ప్రణాళిక. డబ్బు దొరికితేనే అది కాగితం దాటుతుంది. ఏ దేశం అధికారులైనా వచ్చి 'మీకేం కావాలి' అంటే ప్రభుత్వం ముందు పెట్టే కాగితం అదే కావాలని నా కోరిక.

'డిజిటల్ దేశం' అంటే ఏమిటి? మెటావర్స్ అనే కంప్యూటర్ లోకంలోకి వెళ్లిపోతారా?

లేదు. ఈ మాట పాకడానికి కారణం రెండు వీడియోలు. 2021 వాతావరణ సదస్సు కోసం అప్పటి విదేశాంగ మంత్రి సైమన్ కోఫే సూటు, టై వేసుకుని మోకాళ్ల లోతు సముద్రంలో నిలబడి ప్రసంగించారు. ఒకప్పుడు ఆ చోటు పొడినేల. మరుసటి ఏడాది సదస్సులో, కంప్యూటర్లో తయారుచేసిన ఒక చిన్న దీవి మీద నిలబడి, ప్రపంచంలో తొలి డిజిటల్ దేశంగా మారతామని ప్రకటించారు.

వీడియో పక్కన పెడితే, చేస్తున్న పని మామూలు రెవెన్యూ శాఖ పనిలాంటిది. 124 దీవులు, లంకల్ని లేజర్‌తో స్కాన్ చేసి త్రీడీ మ్యాపులు తీశారు. పౌరుల గుర్తింపు, జనన మరణాల నమోదు, ప్రభుత్వ సేవలు ఎక్కడినుంచైనా నడిచేలా చేయాలన్నది లక్ష్యం. తాతల పాటలు, ఆచారాలు, ఫోటోలు భద్రపరచాలన్నది ఇంకో భాగం. జనం నాలుగు దేశాల్లో చెదిరిపోయినా ప్రభుత్వం ఒకటిగా పనిచేయాలి, ఎన్నికలు జరగాలి. దానికి ముందే తయారవడం ఇది.

అయితే ఒక మాట చెప్పుకోవాలి. ఈ ప్రకటన వచ్చే నాటికి దేశంలో ఒక్క ఏటీఎం కూడా లేదు. మొదటి ఏటీఎంలు 2025 ఏప్రిల్‌లో వచ్చాయి, ప్రధాని స్వయంగా వెళ్లి ప్రారంభించారు. అప్పటిదాకా జీతం రోజున బ్యాంకు ముందు క్యూ కట్టి చేతికి నోట్లు తీసుకునేవాళ్లు. ఇది చదివి ఎవరైనా వెటకారం చేస్తే నాకు బాధగా ఉంటుంది. రెండూ ఒకేసారి చేయాల్సిన స్థితి వాళ్లది.

ఇన్ని చేయడానికి డబ్బు ఎక్కడిది? డాట్ టీవీ వల్లేనా?

డాట్ టీవీ ఒక భాగం మాత్రమే. ప్రతి దేశానికీ ఇంటర్నెట్లో రెండక్షరాల గుర్తు ఉంటుంది. మనది డాట్ ఇన్. టువాలుకి అదృష్టం కొద్దీ టీవీ వచ్చింది. వీడియో సైట్లు, ఛానెళ్లు ఆ పేరు కోసం డబ్బు కడతాయి. ఏళ్ల తరబడి వెరిసైన్ అనే సంస్థ ఏటా సుమారు 50 లక్షల డాలర్లు ఇచ్చేది. ఆ ఒప్పందం ముగిశాక ప్రభుత్వం టెండర్ పిలిచి గోడాడీ అనే సంస్థకి ఇచ్చింది. 2000లో ఐక్యరాజ్యసమితి సభ్యత్వం తీసుకోగలగడానికి ఈ డబ్బే ఆసరా అయింది.

పెద్ద ఆదాయం చేపలది. నేల 26 చదరపు కిలోమీటర్లే గానీ, వాళ్లకి హక్కున్న సముద్రం 7 లక్షల చదరపు కిలోమీటర్లకి పైనే. అక్కడ ట్యూనా పట్టే విదేశీ ఓడలు రోజు లెక్కన డబ్బు కట్టాలి. పసిఫిక్‌లో కొన్ని చిన్న దేశాలు ఒక జట్టుగా నిలబడి ఆ రోజు రేటు పెట్టాయి, విడివిడిగా బేరమాడి ఉంటే ఆ ధర వచ్చేది కాదు.

మూడోది నాకు బాగా నచ్చిన నిర్ణయం, టువాలు ట్రస్ట్ ఫండ్. 1987లో సుమారు 2.7 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లతో మొదలైంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రిటన్ పెద్ద మొత్తాలు వేశాయి, టువాలు తనూ వేసుకుంది. ఊరి గుడికి మాన్యం రాసిచ్చినట్టు అన్నమాట. అసలు ముట్టుకోకూడదు, ఫలసాయమే వాడుకోవాలి. ఆ నియమం ఇన్నేళ్లుగా నిలబెట్టారు.

## ఫలేపిలి ఒప్పందం

ఫలేపిలి అంటే ఏమిటి? ఒప్పందంలో ఏముంది?

టువాలు భాషలో ఫలేపిలి అంటే ఇరుగుపొరుగు ధర్మం. పక్కింటివాళ్లకి కష్టం వస్తే మనదిగా చూసుకోవడం. 2023 నవంబర్ 9న కుక్ దీవుల్లోని రరొటోంగాలో అప్పటి ప్రధాని కౌసియా నటానో, ఆస్ట్రేలియా ప్రధాని ఆంథనీ అల్బనీస్ సంతకాలు చేశారు. 2024 ఆగస్టు 28న అమల్లోకి వచ్చింది.

ఇందులో మూడు ముడులున్నాయి. మొదటిది వాతావరణం. టువాలు జనం తమ నేల మీదే ఉండాలన్న కోరికని ఆస్ట్రేలియా గుర్తిస్తుంది, సముద్రం పెరిగినా టువాలు రాజ్యంగా కొనసాగుతుందని ఒప్పుకుంటుంది. రెండోది, టువాలు పౌరులు ఆస్ట్రేలియాలో ఉండటానికి, చదవడానికి, పని చేయడానికి ప్రత్యేక మార్గం. మూడోది భద్రత. పెద్ద ప్రకృతి విపత్తు, మహమ్మారి, సైనిక దాడి వస్తే టువాలు అడిగినప్పుడు ఆస్ట్రేలియా ఆదుకోవాలి. వార్తల్లో రెండోదే కనపడింది. రాజ్యంగా కొనసాగుతుందన్న ఒక్క వాక్యం నా దృష్టిలో వీసాలన్నిటికంటే విలువైనది.

ఊరికే ఎవరూ ఏదీ ఇవ్వరు కదా. ఆస్ట్రేలియాకి ఏం లాభం?

నాలుగో అధికరణం చదవండి, జవాబు అక్కడుంది. టువాలు ఇంకే దేశంతోనైనా, సంస్థతోనైనా రక్షణ, పోలీసు, సరిహద్దు కాపలా, సైబర్ భద్రత, రేవులు, టెలికాం, విద్యుత్ లాంటి విషయాల్లో భద్రతకి సంబంధించిన ఏర్పాటు చేసుకోవాలంటే ముందు ఆస్ట్రేలియాతో ఒప్పుకోలు కుదరాలి. 2022లో సాలమన్ దీవులు చైనాతో భద్రతా ఒప్పందం చేసుకున్నాక ఆస్ట్రేలియాకి టెన్షన్ పట్టుకుంది. ఆ భయమే ఈ నిబంధన వెనక ఉంది.

ఒక సార్వభౌమ దేశం తన టెలికాం విషయంలో పక్క దేశాన్ని అడగాలా? ఆ ప్రశ్న న్యాయమైనదే. ఆదుకోవడం ధర్మం అని పేరు పెట్టి తాళంచెవి కూడా తీసుకోవడం నాకు నచ్చలేదు. కానీ పది వేల మంది ఉన్న దేశం బేరానికి కూర్చున్నప్పుడు చేతిలో ఉన్న ముక్కలు అవే. ఒప్పందం నుంచి బయటికి వచ్చే హక్కు మాత్రం రెండు దేశాలకీ ఉంది.

టువాలు జనం అందరూ ఒప్పుకున్నారా?

లేదు. మాజీ ప్రధాని ఎనెలె సొపొఆగా గట్టిగా వ్యతిరేకించారు, సార్వభౌమత్వం తాకట్టు పెట్టినట్టేనని ఆయన వాదన. 2024 ఎన్నికల్లో ఇది పెద్ద చర్చ. గెలిచిన టియో ప్రభుత్వం, ఒప్పందం మూల సూత్రాలు మాకు సమ్మతమే, కానీ జనానికి చెప్పకుండా, సంప్రదించకుండా చేశారు అని తన తొలి ప్రకటనలోనే చెప్పింది. తర్వాత అమలు ఎలా ఉండాలో ఆస్ట్రేలియాతో మాట్లాడి ముందుకి వెళ్లింది.

చైనాతో సంబంధాలు లేవా?

దౌత్య సంబంధాలు లేవు. 1979 నుంచి టైవాన్‌నే గుర్తిస్తున్నారు. 2024 జనవరిలో పక్క దేశం నౌరు టైవాన్‌ని వదిలి చైనా వైపు వెళ్లినప్పుడు టువాలు కూడా వెళుతుందని ఊహాగానాలు వచ్చాయి. టియో ప్రభుత్వం టైవాన్‌తోనే ఉంటామని తేల్చి చెప్పింది.

## వీసా లాటరీ

దేశంలో ఎనభై శాతం మంది అప్లై చేశారట. అంటే అందరూ వెళ్లిపోవాలనుకుంటున్నారా?

సంఖ్య నిజమే. ఫలేపిలి ఒప్పందం కింద ఆస్ట్రేలియా వీసాల కోసం 2025 జూన్ 16న మొదలై జూలై 18న ముగిసిన తొలి లాటరీలో కుటుంబ సభ్యులతో కలిపి 8,750 మంది పేర్లు నమోదయ్యాయి. జనాభాతో పోలిస్తే ఎనభై శాతం దరిదాపుల్లో. కానీ ఒకరు దరఖాస్తు పెడితే వాళ్ల భార్య లేదా భర్త, పిల్లలు కూడా లెక్కలోకి వస్తారు. విదేశాల్లో ఉన్న టువాలు పౌరులూ దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాబట్టి దీవుల్లో ఉన్న ప్రతి పది మందిలో ఎనిమిది మంది పెట్టె సర్దుకున్నారని అనుకోవద్దు.

అప్లై చేయడం, వెళ్లిపోవడం ఒకటి కాదు. మన ఊళ్లలో డీఎస్సీ పడితే ఉద్యోగం ఉన్నవాళ్లు కూడా రాస్తారు. అవకాశం చేజారకూడదని. తలుపు తెరిచి ఉంటే మంచిదే అనుకునే తల్లిదండ్రులు ఎంతమందో. ఈ తేడా చూడకుండా 'దేశం ఖాళీ' అని హెడ్డింగ్ పెట్టడం ఆ జనానికి అన్యాయం.

ఎంతమందికి ఇస్తారు? ఎవరు అర్హులు?

ఏడాదికి గరిష్ఠంగా 280 మంది. వయసు 18 నిండిన టువాలు పౌరులు పేరు నమోదు చేసుకోవచ్చు. రుసుము 25 ఆస్ట్రేలియా డాలర్లు. కంప్యూటర్ డ్రా తీస్తుంది. పేరు వచ్చినవాళ్లు అప్పుడు అసలు వీసాకి దరఖాస్తు పెట్టాలి, ఆరోగ్య, ప్రవర్తన పరీక్షలు ఉంటాయి. డిగ్రీ ఉండాలనీ, అక్కడ ఉద్యోగం ముందే దొరికి ఉండాలనీ షరతు లేదు. జాలరి వెళ్లొచ్చు, టీచరు వెళ్లొచ్చు.

వెళ్లినవాళ్లకి ఏమేమి వస్తాయి? వాళ్లని శరణార్థులు అంటారా?

అడుగుపెట్టిన రోజు నుంచే శాశ్వత నివాస హోదా. మెడికేర్ అనే ప్రభుత్వ వైద్యం, పిల్లల బడి, సబ్సిడీ ఫీజుతో కాలేజీ, పని చేసే హక్కు ఉంటాయి. ముఖ్యమైనది, ఎప్పుడు కావాలంటే అప్పుడు టువాలు వెళ్లి రావచ్చు. పండక్కి ఇంటికి వెళ్లి అమ్మానాన్నల దగ్గర ఆరు నెలలు ఉండి తిరిగి రావడానికి అడ్డు లేదు.

శరణార్థులు కాదు. 1951 శరణార్థుల ఒప్పందంలో సముద్రం, కరువు, తుఫాను లాంటి కారణాలు లేవు. కిరిబాటికి చెందిన ఒక వ్యక్తి వాతావరణ కారణంతో న్యూజిలాండ్‌లో ఆశ్రయం అడిగితే కోర్టులు ఒప్పుకోలేదు, ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ కూడా 2020లో ఆయనకి అనుకూలంగా తీర్పు ఇవ్వలేదు. టువాలు నాయకులకి కూడా ఆ మాట ఇష్టం లేదు. చేయి చాచి అడిగి వెళ్లడం వేరు, ఒప్పందం ప్రకారం హక్కుతో వెళ్లడం వేరు.

ఏడాదికి 280 అంటే నలభై ఏళ్లలో దేశం ఖాళీ అవుతుంది కదా?

కాగితం మీద భాగిస్తే దాదాపు అంతే వస్తుంది. కానీ పుట్టేవాళ్లు, తిరిగి వచ్చేవాళ్లు ఆ భాగహారంలో లేరు. అసలు భయం మొత్తం సంఖ్య గురించి కాదు, ఎవరు వెళతారన్నది. ఒక దీవిలో ఉన్నది ఇద్దరు నర్సులైతే, వాళ్లలో ఒకరికి డ్రాలో పేరు వస్తే? కరెంటు జనరేటర్ బాగుచేసే మెకానిక్ వెళ్లిపోతే? పెద్ద దేశంలో 280 మంది కనపడరు, ఇక్కడ ఒక్కరు వెళ్లినా ఖాళీ తెలుస్తుంది. ఏటా పరిమితి పెట్టడానికి కారణం అదే. పరిమితిని ప్రతి ఏడాదీ చూసుకుని మార్చుకునే వీలుంది.

ఇంతకుముందు వలస వెళ్లిన చరిత్ర ఉందా?

ఉంది, తీపీ చేదూ రెండూ. 1863లో పెరూ నుంచి వచ్చిన ఓడలు ఫునాఫుటి, నుకులయెలయె దీవుల నుంచి వందల మందిని మోసం చేసి ఎక్కించుకుపోయాయి. వాళ్లు తిరిగి రాలేదు. ఓడ ఎక్కమనే మాట అక్కడ ఎందుకు అంత బరువైనదో అర్థం చేసుకోవచ్చు. 1946లో వైటుపు దీవివాళ్లు తమ డబ్బుతో ఫిజీలో కియోవా అనే దీవిని కొన్నారు, వాళ్ల మనవలు ఇప్పటికీ అక్కడ టువాలు భాషే మాట్లాడుతున్నారు. 2002 నుంచి న్యూజిలాండ్ కూడా లాటరీ పద్ధతిలో ఏటా 75 మందికి చోటిస్తూ వచ్చింది.

## ముందు ముందు ఏమిటి?

నేల పూర్తిగా పోతే అంతర్జాతీయ చట్టం ఏమంటుంది?

చాలాకాలం దీనికి జవాబు లేదు. దేశం అంటే జనం, భూభాగం, ప్రభుత్వం, ఇతర దేశాలతో వ్యవహరించే శక్తి అని 1933 మాంటెవిడియో ఒప్పందం చెబుతుంది. భూభాగం సముద్రం పాలైతే ఏమవుతుందని అప్పట్లో ఎవరూ ఆలోచించలేదు. 2025 జూలై 23న అంతర్జాతీయ న్యాయస్థానం తన సలహా అభిప్రాయంలో, ఒకసారి ఏర్పడిన రాజ్యం తన మూలాంశాల్లో ఒకటి కోల్పోయినంత మాత్రాన రాజ్య హోదా పోవాల్సిన అవసరం లేదని చెప్పింది. ఆ కేసుని ముందుండి నడిపింది వనువాటు అనే మరో పసిఫిక్ దేశం. టువాలు కూడా ఆ న్యాయస్థానం ఉన్న హేగ్ నగరానికి వెళ్లి వాదన వినిపించింది.

దానికి ముందే 2021లో టువాలు, ఆంటిగ్వా బార్బుడా కలిసి చిన్న ద్వీప దేశాల కమిషన్ పెట్టాయి. ఆ కమిషన్ వేసిన ప్రశ్నకే సముద్ర చట్ట ట్రిబ్యునల్ 2024 మే 21న, కర్బన ఉద్గారాలు సముద్ర కాలుష్యం కిందికే వస్తాయని తేల్చింది. పది వేల మంది దేశం కోర్టు మెట్లెక్కి ఇంత సాధించింది. మా విద్యార్థులకి నేను తప్పకుండా చెప్పే విషయం ఇది.

తీరం వెనక్కి జరిగితే చేపల హక్కులూ పోతాయా?

పాత లెక్కలో సముద్ర హక్కుల్ని తీరం నుంచి 200 నాటికల్ మైళ్లుగా కొలుస్తారు. తీరం జరిగితే గీత కూడా జరగాలని వాదించేవాళ్లున్నారు. పసిఫిక్ దేశాలన్నీ 2021లో కలిసి, ఒకసారి ప్రకటించిన గీతలు తగ్గవని తీర్మానించాయి. ఒకసారి పద్ధతి ప్రకారం ప్రకటించిన గీతల్ని సముద్రం పెరిగిందని మార్చాల్సిన పని లేదని అంతర్జాతీయ న్యాయస్థానం కూడా 2025లో అంది. టువాలు బడ్జెట్‌కి ఇది ప్రాణంతో సమానం.

మన దేశానికి టువాలుతో ఏమైనా సంబంధం ఉందా?

ఉంది. భారత్–పసిఫిక్ ద్వీపాల సహకార వేదిక 2014 నవంబర్‌లో ఫిజీ రాజధాని సువాలో మొదలైంది. అందులోని 14 దేశాల్లో టువాలు ఒకటి. మూడో సమావేశం 2023 మేలో పాపువా న్యూగినీలో జరిగింది. గ్రూప్స్ రాసేవాళ్లు ఈ రెండు తేదీలు గుర్తుపెట్టుకోండి.

మొదటి బ్యాచ్ వెళ్లిందా? వాళ్లు ఏమంటున్నారు?

2025 చివర్లో మొదటివాళ్లు ఆస్ట్రేలియా చేరారు. వాళ్లలో ఒక దంతవైద్యురాలు, ఒక పాస్టర్, ఫోర్క్‌లిఫ్ట్ అనే బరువులెత్తే బండి నడిపే ఒక మహిళ ఉన్నారని వార్తల్లో వచ్చింది. పాస్టర్ ఉండటం నన్ను ఆగి ఆలోచించేలా చేసింది. టువాలు జనంలో ఎక్కువమంది ఒకే క్రైస్తవ సంఘానికి చెందినవాళ్లు. ఆదివారం ప్రార్థన, తర్వాత అందరూ కలిసి తినడం, ఫతెలె అనే సామూహిక నృత్యం, వాళ్లని ఒక దీవిగా కట్టి ఉంచేవి ఇవే. కొత్త ఊళ్లో ఆదివారం అందరూ కలిసి కూర్చునేచోటు ఒకటి ముందే సిద్ధం చేసుకుంటున్నారన్నమాట.